గేలిక్ + సోషియాలజీ డిగ్రీ: రివ్యూ

స్కాట్లాండ్‌లో ఒక యూనివర్సిటీలో ఈ రెండూ కలిపి నాలుగేళ్ల ఆనర్స్ చదువుతున్నాను. గేలిక్ అంటే స్కాట్లాండ్ పాత భాష, అది ఒక్క ముక్క రాకపోయినా చేరొచ్చు, బిగినర్స్‌కి వేరే క్లాసులుంటాయి. కానీ స్పీడ్ మామూలుగా ఉండదు! వాక్యం క్రియతో మొదలవుతుంది, క్రియ చివర్లో పెట్టే మన అలవాటుకి అది పూర్తిగా రివర్స్, పైగా పదాల మొదటి అక్షరం ధ్వని కూడా సందర్భాన్ని బట్టి మారిపోతుంది.

అసలు మజా రెండు సబ్జెక్టులూ కలిసే చోట ఉంది. 1872 విద్యా చట్టం గేలిక్‌ని అసలు పట్టించుకోలేదు, పిల్లలకి బడి అంటే ఇంగ్లీషే అయిపోయింది. 2022 జనాభా లెక్కల్లో గేలిక్ ఎంతో కొంత వచ్చినవాళ్లు సుమారు 1,30,000 మంది, 2011 కంటే బాగా ఎక్కువ. అదే సమయంలో దానికి కంచుకోట లాంటి వెస్టర్న్ ఐల్స్ అనే పడమటి దీవుల్లో మాట్లాడేవాళ్లు సగం కంటే తక్కువకి పడిపోయారు. మరి భాష పెరుగుతోందా, తరుగుతోందా? సెమినార్‌లో దీని మీద గొడవలే గొడవలు, నాకైతే సోషియాలజీ థియరీ అక్కడే బుర్రకెక్కింది.

గేలిక్ క్లాసుల్లో జనం తక్కువ, లెక్చరర్‌కి మన పేరు తెలుస్తుంది, తప్పించుకోవడం కుదరదు. సోషియాలజీ లెక్చర్లు మాత్రం పెద్ద హాల్లో, కిక్కిరిసి. రెండు డిపార్ట్‌మెంట్లు టైమ్‌టేబుల్ గురించి మాట్లాడుకోవేమో అనిపిస్తుంది, క్లాసులు క్లాష్ అవుతూనే ఉంటాయి.

ఉద్యోగాలా? గేలిక్ మీడియం బళ్లకి టీచర్ల కొరత ఉంది, బీబీసీ ఆల్బా అనే గేలిక్ టీవీ ఛానెల్ ఉంది. కాకపోతే విదేశీ విద్యార్థుల ఫీజు చాలా ఎక్కువ, లోన్ తీసుకుని వచ్చేవాళ్లు ముందు డుయోలింగో అనే భాషల యాప్‌లో కొన్నాళ్లు ఫ్రీగా నేర్చుకుని చూడండి.