హాక్ మౌంటెన్‌లో డేగల వలస: ఏళ్లుగా వెళ్తున్నవాడి మాట

పెన్సిల్వేనియాలో కెంప్టన్ దగ్గరున్న హాక్ మౌంటెన్‌కు డేగల వలస చూడటానికి న్యూజెర్సీ నుంచి ఏళ్లుగా వెళ్తున్నాను. కొత్తగా వెళ్లేవాళ్లకు ముందు చెప్పేది ఒకటే: సెలవు చూసి కాదు, గాలి చూసి బయల్దేరండి. కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి ముందుకు తోసుకొచ్చే అంచు) దాటాక వాయవ్యం నుంచి వీచే గాలి కిటటిన్నీ కొండవరసను తాకి పైకి లేస్తుంది. డేగలు ఆ ఊపు మీద రెక్క ఆడించకుండా సాగిపోతాయి. అలాంటి రోజు కొండ మీద డేగల్ని చూసే చోటైన నార్త్ లుకౌట్ బండల మీద కూర్చుంటే కొన్ని మనకంటే కిందుగా వెళ్తాయి, వీపు మీది రంగులు కూడా తెలుస్తాయి. గాలి అనుకూలించకపోతే గంటలు గడిచినా ఒకటో రెండో.

సెప్టెంబరు మధ్యలో బ్రాడ్‌వింగ్ డేగలు వేడిగాలిలో గుంపులుగా సుడి తిరుగుతూ ఎక్కడికో లేచిపోతాయి. అందరూ అప్పుడే వస్తారు. అయితే అవి మరీ ఎత్తున ఉంటాయి, మబ్బు లేని నీలాకాశంలో కంటికి ఆనవు. నా ఓటు నవంబరు మొదట్లో వచ్చే గోల్డెన్ ఈగిల్‌కే. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, అయినా మెడ వెనక ఆ బంగారు ఛాయ ఒక్కసారి చూస్తే మళ్లీ వెళ్లకుండా ఉండలేం.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది వెళ్లే డేగల్ని లెక్కపెట్టేవాళ్లు. ఎదురుగా కనిపించే కొండ మూపురాలకు అంకెలు పెట్టుకున్నారు. "మూడు పైన, ఎడమకు వెళ్తోంది" అనగానే కొత్తవాళ్లకూ పక్షి దొరుకుతుంది. ఒకప్పుడు ఇదే కొండ మీద సరదాకు డేగల్ని కాల్చి చంపేవారు. 1934లో ప్రకృతి పరిరక్షణ కోసం పోరాడిన రోజలీ ఎడ్జ్ కొండను లీజుకు తీసుకుని, మారిస్ బ్రౌన్‌ను కాపలా పెట్టి ఆపించారు. ఆయన మొదలుపెట్టిన లెక్కల్లోనే బాల్డ్ ఈగిల్ పిల్లలు తగ్గిపోతున్న సంగతి బయటపడింది. 1962లో రచయిత్రి రేచల్ కార్సన్ డీడీటీ అనే పురుగుమందు ముప్పును వివరిస్తూ ఈ లెక్కల్ని ఉదహరించారు. ఆ పని ఇప్పటికీ కొనసాగుతోంది. మనం కట్టే టికెట్ డబ్బుకు ఇంతకంటే మంచి ఖర్చు నాకు తోచదు.

నార్త్ లుకౌట్‌కు దారి సుమారు ఒక మైలు, చివర్లో రాళ్ల మీద ఎక్కాలి. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు దగ్గర్లోని సౌత్ లుకౌట్‌కే తీసుకెళ్లాం, ఇబ్బంది పడలేదు. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్ చాలు, అంతకన్నా పెద్దవి చేతిలో వణుకుతాయి. కూర్చోవడానికి దిండు తప్పనిసరి. అక్టోబరు శని, ఆదివారాల్లో పార్కింగ్ టెన్షన్ ఉంటుంది, వీలైతే వారం మధ్యలో లీవ్ పెట్టండి.