మార్కులు కదలనప్పుడు ఏది మేలు: మరిన్ని మాక్ టెస్టులా, తప్పుల పరిశీలనా?

ఇంటర్ ఎంపీసీ చదువుతూ జేఈఈ మెయిన్‌కూ, ఈఏపీసెట్‌కూ కలిపి సిద్ధమయ్యే విద్యార్థులకు చివరి నెలల్లో ఎన్ని మాక్ టెస్టులు రాసినా మార్కులు ఒకేచోట ఆగిపోవడం సాధారణం. రోజుకొక టెస్టు రాయాలా, టెస్టులు తగ్గించి తప్పులను పరిశీలించాలా అన్నది, మార్కులు ఏ పరీక్షలో ఆగాయన్న దానిని బట్టి తేలవలసిన విషయం.

జేఈఈ మెయిన్‌లో 3 గంటలకు 75 ప్రశ్నలే కనుక ఒక్కోదానికి 144 సెకన్లు దొరుకుతాయి. ఒప్పుకు 4 మార్కులు వస్తే తప్పుకు ఒకటి పోతుంది. 50 ప్రశ్నలకు జవాబు పెట్టి 35 ఒప్పు, 15 తప్పు చేసిన విద్యార్థికి 125 మార్కులు వస్తాయి. ఆ తప్పుల్లో ప్లస్, మైనస్ గుర్తుల వల్లో యూనిట్ల వల్లో జరిగిన ఐదింటిని సరిదిద్దుకుంటే, కొత్త అధ్యాయం ఒక్కటీ చదవకుండానే అవి 150 అవుతాయి. అందుకే ఇక్కడ నా మొగ్గు పూర్తిగా పరిశీలన వైపే. అయితే కీ చూసి, లెక్క చేసిన విధానం చదివి, అర్థమైందనుకోవడం పరిశీలన కాదు. తప్పిన ప్రతి ప్రశ్ననూ మర్నాడు తెల్లకాగితం మీద, కీ చూడకుండా మళ్లీ చేయాలి. అది తెలియక తప్పిందా, తెలిసీ తొందరలో తప్పిందా, ఊహించి పెట్టినదా అన్నది పక్కనే రాసుకోవాలి. ఈ పనికి టెస్టు రాసినంత సమయం పట్టినా అది వృథా కాదు. పేపర్ల కఠినత ఒకేలా ఉండదు కనుక, కఠినమైన పేపరులో అవే మార్కులు రావడం నిజానికి ఎదుగుదలేనని తల్లిదండ్రులు కూడా గ్రహించాలని నా మనవి.

ఈఏపీసెట్ సంగతి వేరు. అక్కడ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి, వాటిలో సగం గణితమే, నెగెటివ్ మార్కులు లేవు. చివర్లో 20 ప్రశ్నలు చదవకుండానే మిగిలిపోతున్న విద్యార్థికి లోపించినది వేగం. అది గడియారం పెట్టుకుని తరచుగా టెస్టులు రాస్తేనే వస్తుంది.

కొత్త మెటీరియల్ కొనడం అన్న మూడో దారిని ఈ దశలో నేను సూచించను.

జేఈఈకి వారానికి రెండు టెస్టులు, వాటి మధ్య పరిశీలన చాలు. ఈఏపీసెట్‌కు చివరి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయవచ్చు. హాల్‌టికెట్ వచ్చాక అందులో ఉన్న పూటకే, ఉదయమైతే ఉదయం, మధ్యాహ్నమైతే మధ్యాహ్నం, టెస్టుకు కూర్చోవాలి.