ఏడు వందల స్కానర్, దారిలో ఆగిపోయే పికప్: మూడేళ్లు వాడాక

చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్ ఎక్కుతుండగా బండి ఆఫ్ అయితే ఇంజన్‌కు ఏమైందన్న ఆలోచన ముందు రాదు. స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగానే పడుతుంది, తర్వాత పెడల్ గట్టిపడిపోతుంది. బూస్టర్‌కు వాక్యూమ్ అందేది ఇంజన్ తిరిగితేనే కదా. వెనక లారీలవాళ్లు హారన్ మీంచి చెయ్యి తియ్యరు. మా బావమరిది దిగి చక్రం కింద రాయి పెట్టేదాకా నా కాలు బ్రేకు మీదే.

నాది 2017 మోడల్ డీజిల్ పికప్, బీఎస్ 4, కామన్ రైల్ ఇంజన్. అంటే పంపు తోసిన డీజిల్ రైల్ అనే గొట్టంలో గట్టి ప్రెజర్ మీద ఉండి, అక్కడి నుంచి ఇంజెక్టర్లకు వెళ్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మదనపల్లె మార్కెట్‌లో టమోటా బాక్సులు ఎత్తుకుని చిత్తూరు వైపు దిగడం, తిరుగు లోడుతో పలమనేరు మీదుగా ఎక్కి రావడం నా పని. దిగేటప్పుడు ఒక్కసారీ ఆగలేదు. లోడుతో ఎక్కేటప్పుడే, ముందు లాగడం తగ్గి, తర్వాత ఆఫ్. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది.

డీజిల్ ఫిల్టర్ రెండుసార్లు మార్చారు. ఇంజెక్టర్లు విప్పి టెస్టింగ్‌కు పంపారు, బాగానే ఉన్నాయన్నారు. ఆఖరికి మెకానిక్ "హై ప్రెజర్ పంపు పోయిందన్నా, నలభై ఐదు వేలు చూసుకో" అన్నాడు. ఆ మాటకే నేను ఏడు వందలు పెట్టి బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను, బండి సాకెట్‌కు పెడితే ఇంజన్ వివరాలు ఫోన్‌లో చూపించే చిన్న డబ్బా. ఈఎల్ఎం 327 అనే చిప్ పేరుతో దొరికే నకళ్లలో ఒకటి. మొదట వచ్చినది ఫోన్‌కు కలిసింది గానీ బండి ఈసీయూతో, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌తో, మాట్లాడలేదు, వాపసు పంపాను. రెండోది ఇప్పటికీ పనిచేస్తోంది.

చాలామంది దీన్ని ఈసీయూ రాసిపెట్టుకునే లోపాల కోడ్ చదవడానికే కొంటారు. నాకూ మొదటి రోజే పి0087 వచ్చింది, అంటే రైల్‌లో ప్రెజర్ తక్కువ. అది చూసి పంపు మార్చేసేవాళ్లు ఉన్నారు. కానీ పంపు అరిగినా, పంపుకు డీజిల్ సరిగా అందకపోయినా వచ్చేది అదే కోడ్. నాకు పనికొచ్చింది లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా కనిపించే అంకెలు. యాప్‌లో ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు), రైల్ ప్రెజర్ రెండే పెట్టుకుని రికార్డు చేయాలి. పదిరకాలు పెడితే ఈ చిన్న డబ్బాకు అంత వేగం లేదు, సరిగ్గా ఆగిన క్షణమే జారిపోతుంది. ప్రెజర్ కిలోపాస్కల్స్‌లో చూపిస్తుంది, వందతో భాగిస్తే బార్లు. నా బండికి తొక్కకుండా ఐడిల్‌లో వదిలితే సుమారు 280 బార్లు, లోడుతో తొక్కితే వెయ్యి దాటుతుంది.

ఘాట్‌లో ఫోన్ బావమరిది చేతికిచ్చాను. నేను తొక్కుతున్న కొద్దీ ప్రెజర్ పెరగాల్సింది పోయి తగ్గుతూ వచ్చింది, ఆ వెనకే ఆర్‌పీఎం పడింది. ప్రెజర్ ముందు పడిందంటే రైల్‌కు డీజిల్ కరువు. ఎక్కడ కరువో స్కానర్ చెప్పదు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పారదర్శకమైన పైపు వేసి చూశాం, గాలి బుడగలు లేవు, అంటే పైపులు ఎక్కడా గాలి లాగడం లేదు. తర్వాత వెనక ఇరవై లీటర్ల క్యాన్ కట్టి ట్యాంకును పక్కనపెట్టి నడిపాం. రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే పెట్టాలి. కామన్ రైల్‌లో వెనక్కి వచ్చే డీజిలే బోలెడు, పాత పైపు అలాగే ఉంచితే క్యాన్ చూస్తుండగా ఖాళీ అయి ట్యాంకు నిండుతుంది. క్యాన్ మీద అదే లోడుతో ఘాట్ ఆగకుండా ఎక్కేసింది. ట్యాంకు దింపితే లోపలి జాలికి నల్లటి జిగురు, ఒక ప్లాస్టిక్ ముక్క. ఎక్కేటప్పుడు గట్టిగా పీల్చుకుంటే జాలికి అతుక్కోవడం, బండి ఆపితే రాలిపోవడం. పది నిమిషాల రహస్యం అదే. ట్యాంకు కడిగి బిగించినందుకు పద్దెనిమిది వందలైంది. పంపు ఈ రోజుకీ పాతదే.

ఏడాది తర్వాత ఎండాకాలంలో మళ్లీ ఆగడం మొదలైంది. ఈసారి చదును రోడ్డు మీద, తాళం తిప్పి ఆపినట్టు ఠక్కున. మళ్లీ జాలేనని ట్యాంకు దింపించబోయి, ఎందుకైనా మంచిదని రికార్డు చూశాను. ఆర్‌పీఎం గీత గోడ మీంచి దూకినట్టు సున్నాకు పడింది, ఆ క్షణానికి రైల్ ప్రెజర్ ఇంకా పైనే ఉంది. సెల్ఫ్ కొడుతుంటే ఇంజన్ తిరుగుతోంది, ఫోన్‌లో మాత్రం ఆర్‌పీఎం సున్నా. ఈసీయూకు ఇంజన్ తిరుగుతున్న సంగతే తెలియడం లేదు. ఆ సంగతి దానికి చెప్పేది క్రాంక్ సెన్సర్. దాని మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే స్టార్ట్ అయింది. వేడికి పోయి చల్లబడితే బతికే జబ్బు. తమాషా ఏమిటంటే ఆ సెన్సర్‌కు సంబంధించిన పి0335 కోడ్ మూడోసారి ఆగాక గానీ రాలేదు, కోడ్ కోసమే కూర్చుంటే అప్పటిదాకా సంగతి తెలిసేది కాదు. సెన్సర్ పదకొండు వందలు. కొత్తది కొనేముందు దాని వైరూ కనెక్టరూ కదిపి చూడండి, వైరు తెగినా గీత ఇలాగే పడుతుంది.

ఆగిపోవడంలో మూడో రకం నాకు రాలేదు, పక్కవాడి బండిలో చూశాను. ఆగిన క్షణంలో స్కానర్ లైటు వెలుగుతూనే ఉంది, డేటా మాత్రం మొత్తం పోయింది. ఓబీడీ సాకెట్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది కాబట్టి లైటు ఆరదు. కరెంటు పోయింది ఈసీయూకు. అక్కడ రిలే, ఎర్త్ వైరు, బ్యాటరీ టెర్మినల్ చూసుకోవాలి. వాడికి ఎర్త్ బోల్టు వదులు.

లోపాలు లేకపోలేదు. ఎండలో ఫోన్ వేడెక్కి బ్లూటూత్ తెగిపోతుంది. కంపెనీల సొంత కోడ్‌లకు యాప్‌లో అర్థం దొరకదు. ఇంజెక్టర్ మార్చి దాని మీదున్న కోడ్‌ను ఈసీయూకు ఎక్కించాలంటే మెకానిక్ దగ్గరున్న పెద్ద స్కానరే దిక్కు. సాకెట్‌లోనే వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది. సంక్రాంతికి పది రోజులు బండి తీయకపోతే నాకు తోసి స్టార్ట్ చేయాల్సి వచ్చింది, బ్యాటరీ కూడా పాతదేలెండి.

పాత పంపు ఇంజన్లకు అలవాటుపడిన మేస్త్రీలు డీజిల్ పైపుల్లో గాలి తీయడానికి ఇంజన్ తిరుగుతుండగానే ఇంజెక్టర్ నట్టు వదులు చేస్తారు. కామన్ రైల్‌లో ఆ పని చేయనివ్వకండి. వందల బార్ల ప్రెజర్ మీద ఉన్న డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి పోయే ప్రమాదం. గాలి తీయాలంటే ఫిల్టర్ దగ్గరి చేతి పంపు చాలు.

కొనేవాళ్లు వాపసు గడువులోపే బండికి పెట్టి, యాప్‌లో రైల్ ప్రెజర్ వస్తుందో లేదో చూసుకోండి. కొన్ని పాత బళ్లలో రాదు. రానప్పుడు ఆర్‌పీఎం గీత, పారదర్శకమైన పైపు, క్యాన్, ఈ మూడింటితోనే చాలా దూరం పోవచ్చు.