మా అత్తగారి కేర్ హోమ్: పడకపుండ్ల రికార్డు ఎలా రాస్తున్నారు?

పక్షవాతం వచ్చి మంచం దిగలేని మా అత్తగారు మెల్బోర్న్ పశ్చిమ శివార్లలోని ఒక కేర్ హోమ్‌లో ఉంటున్నారు. గది, శుభ్రత, సిబ్బంది మర్యాద బాగానే ఉన్నాయి, పప్పన్నం మాత్రం మేమే తీసుకెళ్తాము. ఈ సమీక్ష పడకపుండ్ల ప్రమాదాన్ని అక్కడ ఎలా అంచనా వేసి రాసిపెడుతున్నారన్న దాని గురించే.

చేరిన రోజే నర్సు, పడకపుండ్ల ప్రమాదాన్ని మార్కులతో కొలిచే బ్రేడెన్ స్కేల్ అనే ఫారం నింపారు. స్పర్శ తెలియడం, చెమ్మ, నడక, మంచంలో కదలిక, ఆహారం, పక్కబట్టలతో ఒరిపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 23కు 18 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే ప్రమాదం ఉన్నట్టే. అత్తగారికి 13 వచ్చింది. ఆ అంకెను ఫైలులో పెట్టి ఊరుకోకుండా, సాయంత్రానికల్లా ఎయిర్ బెడ్ వేసి, ఏ వేళకు ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టారో రాసే చార్టును మంచం దగ్గర ఉంచారు. సంతకాలు వేర్వేరు దస్తూరీలలో, వేళలు కాస్త అటూ ఇటూగా ఉండడం చూశాక, డ్యూటీ చివర కూర్చుని ఒక్కసారిగా నింపిన చార్టు కాదని నాకు నమ్మకం కుదిరింది.

లోపమల్లా చర్మ పరీక్ష ఫారంలో ఉంది. పడకపుండు తొలి దశకు గుర్తుగా ఎరుపును, అది వేలితో నొక్కినా తెల్లబడకపోవడాన్ని మాత్రమే అడుగుతారు. మా అత్తగారి నల్లని చర్మం మీద ఆ ఎరుపు కనిపించదు. గడిలో వరుసగా ‘మామూలే’ అని రాసి ఉన్న రోజుల్లోనే, నేను మేజోళ్లు తొడుగుతుండగా కుడి మడమ ఒకచోట వేడిగా, చుట్టుపక్కల కన్నా గట్టిగా తగిలింది. చెప్పగానే నర్సు వచ్చి చూసి, మొదటి దశగా నమోదు చేసి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టించారు. అయితే వేడి, గట్టిదనం, నొప్పి రాయడానికి ఫారంలో ఈనాటికీ గడి లేదు.

ఆస్ట్రేలియాలో ప్రభుత్వ నిధులు పొందే కేర్ హోములన్నీ 2019 జూలై నుంచి మూడు నెలలకొకసారి ఈ పుండ్ల లెక్కను దశలవారీగా ప్రభుత్వానికి పంపుతున్నాయి. ఆ లెక్క పుండు పడ్డాకే మొదలవుతుంది, రోజూ తిప్పి పడుకోబెట్టారా లేదా అన్నది అందులో ఉండదు. పైగా కేర్ హోములకు ప్రభుత్వం నక్షత్రాలతో ఇచ్చే స్టార్ రేటింగులో, పెద్దవారు జారి కింద పడడం, మందుల వాడకం వంటివాటితో కలిపి ఈ కొలమానాలన్నింటి వాటా 15 శాతమే. అందుచేత పెద్దవారిని చేర్చేవారు నక్షత్రాలతో సరిపెట్టుకోక, తమవారి చార్టును, ముఖ్యంగా రాత్రి డ్యూటీ పేజీలను, అడిగి చూడడం మంచిది. ఇక్కడ అడిగితే కాదనరు, అందుకే ఐదుకు నాలుగు ఇస్తున్నాను.