అతి చిన్న నాణెం: ముద్రణ ఆపడం మేలా, కొనసాగించడం మేలా?

2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా టంకశాలకు ఒక్క సెంటు (డాలరులో నూరోవంతు) నాణెం చేయడానికి 3.69 సెంట్లు ఖర్చయింది. ఏడాదికి మూడు వందల కోట్లకు పైగా కొట్టేసరికి, ఆ ఒక్క నాణెం మీదే 8.5 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఇంతా చేస్తే ఆ నాణెం చిల్లరగా ఒకసారి చేతికొచ్చి, ఇంట్లో డబ్బాలో పడి, మళ్లీ బయటికి రాదు. అది తిరగదు కాబట్టే ఏటా కొత్తవి కొట్టాలి. చివరికి 2025 నవంబరులో ఫిలడెల్ఫియాలో దాని ముద్రణ ఆపేశారు. ఆపడం సరైన పనేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆపిన తీరు మాత్రం నాకు నచ్చలేదు.

లోహం మార్చి కొనసాగించవచ్చు కదా అంటారు. అదీ చేసి చూశారు. 1982లో అమెరికా రాగిని వదిలి రాగిపూత పూసిన జింకుకు మారింది. కెనడా ఇంకా చవకైన ఉక్కు వాడింది, అయినా 2012 నాటికి ఒక్క సెంటుకు 1.6 సెంట్లు పడింది. లోహం ధర తగ్గినా కొట్టడం, లెక్కపెట్టడం, సంచులకెత్తి బ్యాంకులకు చేరవేయడం తగ్గవు. అందుకే ఈ దారి మీద నాకు ఆశ లేదు.

ఆపొద్దనేవారి భయం ధరల గురించి: సెంట్లు లేకపోతే దుకాణాలు బిల్లును పైకి సర్దుతాయని. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు, ఎందుకంటే నగదు మీదే బతికేది ఎక్కువగా చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లే. సెంటు ఆపాక నగదు బిల్లులకు కెనడా పెట్టుకున్న పద్ధతి చూడండి. బిల్లు చివర 1, 2 వస్తే సున్నాకు, 3, 4 వస్తే 5కు, 6, 7 వస్తే మళ్లీ 5కు, 8, 9 వస్తే 10కి సర్దుతారు. సర్దేది ఒక్కో వస్తువు ధరను కాదు, పన్ను కలిపాక వచ్చిన మొత్తాన్ని. కార్డుతో కడితే సెంటు కూడా తేడా రాదు. నాలుగైదు వస్తువులు, పైన పన్ను కలిశాక చివరి అంకె ఏదవుతుందో దుకాణదారు ముందే మలచుకోలేడు. ఒక్క వస్తువే కొనేవారి దగ్గర మాత్రం మలచుకోగలడు. అప్పుడు కూడా నష్టం రెండు సెంట్లు దాటదు.

అయితే ఇదంతా నియమం ముందే ఉంటేనే. కెనడా 2012 మార్చిలో ప్రకటించింది, మేలో చివరి నాణెం కొట్టింది, 2013 ఫిబ్రవరిలో పంపిణీ ఆపింది. దాదాపు ఏడాది గడువు దొరికింది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే సర్దుబాటు చట్టం లేకుండానే ముద్రణ ఆగింది. సెంట్లు అందని దుకాణాలు ఎవరికి తోచినట్టు వారు లెక్క సరిచేసుకోవాల్సి వచ్చింది. కొందరు తామే నష్టపోయి కిందికి సర్దారు. అందరూ అలాగే చేస్తారన్న హామీ కొనేవాడికి ఎక్కడుంది?

ముద్రణ ఆపడం, చెల్లుబాటు రద్దు చేయడం ఒకటి కాదు. భారతదేశంలో 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేల చెల్లుబాటు 2011 జూన్ 30తో ముగిసింది. కెనడా సెంటు ఇప్పటికీ చెల్లుతుంది. దాచుకున్న నాణెం విలువ పోకుండా చూసే కెనడా దారే నాకు మేలనిపిస్తుంది.

ఆదా లెక్కలో ఒక చిక్కుంది. అదే 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికాలో ఐదు సెంట్ల నాణెం తయారీకి 13.78 సెంట్లు అయింది, అంటే ఒక్కోదాని మీద 8.78 సెంట్ల నష్టం. సెంటు మీద నష్టం 2.69. సెంట్లు లేక ఐదు సెంట్లకు గిరాకీ పెరిగి, ఆపిన ప్రతి మూడు సెంట్లకు ఒకటి చొప్పున అదనంగా కొట్టాల్సి వస్తే ఆదా ఆవిరే.

ఐదు సెంట్ల నాణేన్నీ ఆపేయమని కొందరంటున్నారు. న్యూజిలాండ్ 1990లో 1, 2 సెంట్లను తీసేసి, 2006లో 5 సెంట్లను కూడా తీసేసింది. అక్కడ 10, 20, 50 సెంట్ల నాణేలు ఉన్నాయి కాబట్టి పదులకు సర్దితే అన్నీ కుదిరాయి. అమెరికాలో బాగా వాడుకలో ఉన్నది 25 సెంట్ల నాణెం. అది పదుల లెక్కలో ఇమడదు. అందుకే ఐదు సెంట్ల జోలికి పోయేముందు ఆ 25ను ఏం చేస్తారో తేల్చాలి.