తిరుమల ఆలయ పాలనలో 1801, 1843: ఏది అసలు మలుపు?

తిరుపతి చరిత్రలో మలుపు ఏదని అడిగితే చాలామంది 1801ని చూపుతారు. ఆ జూలై 15న ఆర్కాటు నవాబు ఉమ్‌దతుల్ ఉమరా మరణించగా, 31న కుదిరిన ఒప్పందంతో ఆ నవాబుల ఏలుబడిలోని కర్ణాటక ప్రాంతం (నేటి కర్ణాటక రాష్ట్రం కాదు) ఈస్టిండియా కంపెనీ వశమై, ఆలయ ఆదాయమూ అజమాయిషీ కంపెనీకే చేరాయి.

అయినా నా దృష్టిలో 1843 అంతకన్నా పెద్దది. 1801లో మారింది పైనున్న ప్రభువు మాత్రమే. 1843లోనైతే, హిందూ ఆలయాలను క్రైస్తవ ప్రభుత్వం నడపడంపై రేగిన ఆక్షేపణలకు తలొగ్గి కంపెనీ తప్పుకోగా, తిరుమల పాలన హాథీరాంజీ మఠం మహంతు (మఠాధిపతి) సేవాదాస్‌కు దక్కి, 1933లో దేవస్థానాల కమిటీ ఏర్పడేదాకా, అంటే 90 ఏళ్లు, మహంతుల చేతిలోనే నిలిచింది.