చాటికోనా, ఒనకుడెల్లీనా?

రెండూ దక్షిణ ఒడిశా కొండసంతలే. చాటికోనది బుధవారం, ఒనకుడెల్లిది గురువారం.

దారి: చాటికోనకి విశాఖ నుంచి రాయగడ దాకా రైలుంది, ఆపైన కారు. ఒనకుడెల్లికి జయపురం నుంచి తెల్లవారుజామునే బండి మాట్లాడుకోవాలి. ఖర్చెక్కువ, వానల్లో ఘాట్ రోడ్డు కష్టం.

భాష: రాయగడలో తెలుగుతో నెట్టుకొచ్చేయొచ్చు. జయపురం దాటాక ఒడియా తెలిసిన డ్రైవర్ ఉండాల్సిందే.

మనుషులు: చాటికోనకి నియమగిరి కొండల డోంగ్రియా కోందు ఆదివాసులు పసుపు, అల్లం, అనాసపళ్లు దింపుకొస్తారు. వాళ్ల కప్డాగండ శాలువా దగ్గర్నుంచి చూడండి. తెల్లటి గుడ్డ మీద చేత్తో కుట్టిన ఎర్ర, ఆకుపచ్చ త్రికోణాలు, అవి వాళ్ల కొండలే. 2013లో 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నది ఆ కొండల కోసమే. ఒనకుడెల్లికి బోండా ఆదివాసులు కొండల మీంచి నడిచి దిగుతారు. ఆడవాళ్ల మెడ నిండా లోహపు కడియాలు, ఒంటి నిండా పూసలు.

ఫొటోలు: రెండుచోట్లా కెమెరా సంచిలోనే ఉంచండి. అది వాళ్ల బేరాల రోజు, మన కోసం పెట్టిన ప్రదర్శన కాదు.

పిల్లలతో, మొదటిసారి వెళ్తుంటే చాటికోన. రెండ్రోజులు చేతిలో ఉండి, తెలిసిన డ్రైవర్ దొరికితే చలికాలంలో ఒనకుడెల్లి.